కరెంట్ పోయినప్పుడల్లా ఎస్‌డీ కార్డ్ పాడవుతోంది, ఎలా మౌంట్ చేయాలి?

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి తోటలో బోరు మోటార్ ఎప్పుడు నడిచింది, నేలలో తేమ ఎంతుంది అని రాసుకోవడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టాను. పది సెకన్లకోసారి ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైల్‌లో ఒక వరుస రాస్తుంది. కార్డ్‌లో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4.

ఇక్కడ కరెంట్ చెప్పి పోదు. ఈ సీజన్‌లో రెండు కార్డులు పోయాయి. మొన్న స్క్రీన్ తగిలించి చూస్తే బూట్ మధ్యలోనే ఆగి, ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను సరిచూసి బాగుచేసే ప్రోగ్రామ్) చేతితో నడపమని అడుగుతోంది. నడిపితే నెల రోజుల లెక్కలు లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లో (పేరు పోయిన ఫైళ్లను అది పడేసే ఫోల్డర్) ముక్కలుగా తేలాయి. నాన్న ఆ లెక్క చూసే నీళ్లు పెడతారు, అందుకే టెన్షన్.

ఇప్పుడు రూట్‌ను (సిస్టమ్ ఉండే పార్టిషన్) రీడ్ ఓన్లీగా, అంటే రాయడానికి వీల్లేకుండా పెట్టి, లాగ్‌లను టీఎంపీఎఫ్‌ఎస్‌లోకి (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) మార్చి, డేటాకు మాత్రం వేరే పార్టిషన్ ఇద్దామనుకుంటున్నాను. ఫైల్ చదివిన సమయాన్ని రాయకుండా ఆపే నోఎటైమ్ ఎలాగూ పెడతాను. యూబీఐఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మధ్యలో కంట్రోలర్ లేకుండా నేరుగా కనిపించే నాండ్ ఫ్లాష్ చిప్‌కే కాబట్టి దాన్ని వదిలేశాను.

నా అసలు అనుమానం ఇది: కార్డ్ లోపలి కంట్రోలర్ తన ఇష్టం వచ్చినట్టు బ్లాకులను జరుపుతుంది కదా. డేటా పార్టిషన్‌లో రాస్తుండగా కరెంట్ పోతే, అదే కార్డ్‌లో ఉన్న రీడ్ ఓన్లీ రూట్ కూడా దెబ్బతింటుందా? అలాగైతే డేటాను పెన్ డ్రైవ్‌కు మార్చడమే మేలా? డేటాకు ఫ్లాష్ కోసం చేసిన ఎఫ్2ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మంచిదా, ఈఎక్స్‌టీ4లో డేటాను కూడా ముందు జర్నల్‌లో రాసుకునే డేటా జర్నల్ మోడ్ మంచిదా? పొలంలో నిజంగా నడిపినవాళ్లుంటే మీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (మౌంట్ సెట్టింగ్‌లు ఉండే ఫైల్) వరుసలు పెట్టండి, దయచేసి.