శశిరేఖ కథ అసలు ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి

1957లో వచ్చిన 'మాయాబజార్' మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పెళ్లిపీటల మీద శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోట ఇప్పటికీ నవ్వాగదు. మొన్న మా అమ్మాయి "ఇది భారతంలో ఏ పర్వంలో ఉంది?" అని అడిగేసరికి వెతకడం మొదలుపెట్టాను.

వ్యాస భారతంలో అభిమన్యుడి పెళ్లి ఉత్తరతోనే, అది విరాటపర్వం చివర్లో. లక్ష్మణకుమారుడు ఉన్నాడు కానీ, ద్రోణపర్వంలో అభిమన్యుడి చేతిలోనే చనిపోతాడు (సినిమాలో ఆ అమాయకుణ్ణి చూశాక ఇది చదవడం కష్టమే!). బలరాముడి కూతురు శశిరేఖ మాత్రం ఎక్కడా కనిపించలేదు. 1936లోనే ఈ కథతో ఒక తెలుగు సినిమా వచ్చింది కాబట్టి, ఇది కె.వి.రెడ్డి గారి కల్పన అయితే కాదు.

మరి అంతకుముందు ఏ నాటకంలో, ఏ కావ్యంలో ఉంది? యక్షగానాల నుంచి వచ్చిందా, జానపదుల నోటి నుంచా? ఇప్పుడు దొరికే పుస్తకం పేరేదైనా చెబితే చాలు. 'సినిమాని సినిమాగా చూడండి' అనే సలహా మాత్రం వద్దండి, అది ఇంట్లో ఇప్పటికే ఇచ్చేశారు.