ఒడిశా ఎల్లో బోర్డ్ బండితో వైజాగ్ ట్రిప్పులు: ఏ పర్మిట్ తియ్యాలి?

పర్లాకిమిడి ఎర్టిగా:

అన్నలందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఓడీ 20 ఎల్లో బోర్డ్ (కిరాయికి తిప్పే) ఎర్టిగా, సొంత బండి, నేనే నడుపుతాను. పర్మిట్ ఒడిశా వరకే ఉంది. బరంపురం, గోపాలపూర్ బేరాలు ఎప్పుడో గానీ తగలవు. వచ్చే ఫోన్లన్నీ ఆంధ్రా వైపువే. పలాసలో రైలు ఎక్కించాలి, శ్రీకాకుళంలో స్కానింగ్, వైజాగ్‌లో కేజీహెచ్ ఆసుపత్రి, లేదంటే పెళ్లి బట్టలు. పాతపట్నం వెళ్తే రాష్ట్రం మారిపోతుంది గానీ, మాకు అది పక్క వీధి లాంటిదే.

ఇన్నాళ్లూ ఏ ట్రిప్పుకి ఆ ట్రిప్పు ఆన్‌లైన్‌లో టెంపరరీ పర్మిట్ తీసి, ట్యాక్స్ కట్టి వెళ్తున్నాను. అర్ధరాత్రి పురుటి నొప్పుల కేసు వచ్చినప్పుడే సైటు తెరుచుకోదు. ఇంట్లోవాళ్లు పేషెంటుని గుమ్మంలోకి తెచ్చేసి నా మొహం చూస్తుంటారు. ఆ టెన్షన్ పడలేక ఆల్ ఇండియా పర్మిట్ తీసేద్దామనుకుంటున్నాను.

ఈలోగా మా స్టాండ్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. డ్రైవర్‌కి 80 శాతం ఇవ్వాలని కొత్త రూల్ అట, 3,000 కడితే ఏడాదంతా టోల్ ఉండదట, బ్యాడ్జి లేకపోతే బండి సీజ్ చేస్తారట. వీటిలో నాకు వర్తించేవి ఏవి? ఏజెంటుని అడిగితే అన్నిటికీ తలూపి, చివర్లో తన ఫీజు చెప్తున్నాడు.

గుణుపురం పాతకాపు:

తమ్ముడూ, ముందు ఆ మెసేజ్ సంగతి తేల్చేద్దాం. దాని వల్ల మా స్టాండ్‌లో కూడా రోజూ పంచాయితీయే.

80 శాతం మాట నిజమే, కాని నీది కాదు. 2025 జూలై 1న కేంద్రం ఓలా, ఉబర్ లాంటి యాప్ కంపెనీలకి ఇచ్చిన మార్గదర్శకాల్లోది అది. సొంత బండిని యాప్‌కి పెట్టిన డ్రైవర్‌కి ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలి. రద్దీ వేళ బేస్ ఛార్జీకి రెండింతల దాకా పెంచుకోవచ్చు, సగం కంటే తక్కువకి మాత్రం దించకూడదు. సరైన కారణం లేకుండా రైడ్ క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా. అది ప్రయాణికుడికీ ఉంది, డ్రైవర్‌కీ ఉంది. ఇదంతా రాష్ట్రాలు తమ వంతుగా అమల్లోకి తెచ్చుకోవాలి. నీకు ఫోన్లో వచ్చే బేరానికి నూటికి నూరూ నీదే కదా, ఇరవై ఎవరికి ఇస్తావు?

ఆ టోల్ పాస్ 2025 ఆగస్టు 15న 3,000కి మొదలైంది. ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. కాని అది సొంత వాడకం కార్లు, జీపులు, వ్యాన్లకే. ఎల్లో బోర్డ్‌కి లేదు. దారిలో మడపాం, నాతవలస రెండు టోల్‌గేట్ల దగ్గరా నువ్వు మామూలుగానే కట్టాలి. బేరం మాట్లాడేటప్పుడే టోల్ వేరే అని చెప్పెయ్. ఫాస్టాగ్‌లో మాత్రం డబ్బు ఉంచుకో. 2025 నవంబర్ 15 నుంచి ట్యాగ్ పనిచెయ్యకపోతే నగదుకి రెండింతలు, యూపీఐకి ఒకటింబావు రెట్లు పడేలా రూల్ మార్చారు.

బ్యాడ్జి భయం పాతది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చేసింది. మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి బండి) లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండి నడపొచ్చు, లైసెన్సు మీద విడిగా ఎండార్స్‌మెంట్ (అనుమతి రాయించుకోవడం) అక్కర్లేదు.

ఇక అసలు విషయం. నువ్వు అడుగుతున్న పర్మిట్ 2023 మే 1 నుంచి వచ్చిన ఆల్ ఇండియా టూరిస్ట్ వెహికిల్స్ రూల్స్ కిందది. 2021 నాటి రూల్స్ తీసేసి ఇవి పెట్టారు. పదిమంది లోపు సీట్ల బండ్లకి వేరే కేటగిరీ పెట్టి ఫీజు తగ్గించారు, బ్యాటరీ బండికైతే పర్మిట్ ఫీజే లేదు. దరఖాస్తు, ఫీజు అన్నీ ఆన్‌లైన్‌లోనే. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఏజెంటు అవసరం లేదు.

ఈ పర్మిట్ ఉంది కదా అని మిగతావి మర్చిపోకు. ఒడిశాలో కట్టే రోడ్ ట్యాక్స్ కట్టాల్సిందే. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఫిట్‌నెస్ బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఫిట్‌నెస్ డేట్ దాటిన బండికి ఏ పర్మిట్ ఉన్నా ఒకటే.

తియ్యాలా వద్దా అన్నది నీ రసీదులే చెప్తాయి. ఏడాదిలో టెంపరరీ పర్మిట్లకీ ట్యాక్సులకీ ఎంత పోసావో కూడి, పోర్టల్ చూపించే ఫీజు పక్కన పెట్టి చూడు. వారానికి రెండు మూడు సార్లు పాతపట్నం వైపు దిగే బండికి ఆల్ ఇండియానే నయం అని నా లెక్క. నెలకోసారి వెళ్లేవాడికి దండగ.

ఇచ్ఛాపురం స్టీరింగ్:

పాతకాపు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆల్ ఇండియా చేతికి రాగానే మనవాళ్లు చేసే పని, వైజాగ్‌లో పార్టీని దింపేసి ఖాళీగా రావడం ఎందుకని శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర ఆపి "టెక్కలి, టెక్కలి" అని అరవడం. అక్కడే దొరుకుతారు. దారిపొడుగునా ఎక్కించుకుంటూ దింపుకుంటూ పోవడం బస్సు పర్మిట్ పని, మనది కాదు. పర్మిట్‌కి విరుద్ధంగా తిప్పితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192ఏ కింద మొదటిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. డీజిల్ డబ్బుల కోసం అంత రిస్కు ఎందుకు?

బండిలో ఉన్నవాళ్ల పేర్లు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది లిస్టు రాసి పెట్టుకో. చెకింగ్‌లో ముందు అడిగేది అదే.

పర్లాకిమిడి ఎర్టిగా:

ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. ఒక డౌటు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు పేషెంట్లు ఒకే రోజు కేజీహెచ్‌కి వెళ్తుంటారు. ఒక్కొక్కరి దగ్గర విడిగా డబ్బు తీసుకుంటే తప్పా? పైగా ఇక్కడ వైట్ బోర్డ్ (సొంత వాడకం బండ్ల) వాళ్లు మాకంటే ఐదొందలు తక్కువకి తోలేస్తున్నారు. ట్యాక్స్ మేమే కట్టాలి, బేరం వాళ్లదే.

గుణుపురం పాతకాపు:

తప్పు కాదు. డ్రైవర్ కాకుండా ఆరుగురి దాకా ఎక్కే బండిని చట్టం మోటార్ క్యాబ్ అంటుంది. అందులో మనిషికింత అని విడివిడిగా తీసుకున్నా అది కాంట్రాక్ట్ బండే అని మోటారు వాహనాల చట్టంలోనే రాసుంది. నీ ఎర్టిగా సరిగ్గా ఆ లెక్కలోకి వస్తుంది. కాకపోతే అందరూ పర్లాకిమిడిలో బయలుదేరేటప్పటికే లిస్టులో ఉండాలి. మధ్యలో చెయ్యెత్తినవాళ్లని ఎక్కించుకుంటేనే ఇచ్ఛాపురం తమ్ముడు చెప్పిన గొడవ.

వైట్ బోర్డ్ వాళ్లతో రేటు మీద పోటీ పడకు. పార్టీకి ఒక్క మాట చెప్పు: సొంత వాడకం పాలసీ ఉన్న బండిని కిరాయికి తిప్పి యాక్సిడెంట్ అయితే క్లెయిము దగ్గర కంపెనీ అడ్డం తిరుగుతుంది. పేషెంటుని తీసుకెళ్లేవాళ్లకి ఆ మాట అర్థమవుతుంది. పెళ్లి బట్టల బేరం మాత్రం ఆ ఐదొందల తేడాకి చేజారిపోతుంది, పోనీ.

పర్లాకిమిడి ఎర్టిగా:

లిస్టు కాగితం మీదే ఉండాలా? రాత్రిపూట కాగితం, పెన్ను ఎక్కడ వెతుక్కుంటాం?

ఇచ్ఛాపురం స్టీరింగ్:

ఫోన్లో ఉన్నా సరిపోతుంది. నేను పార్టీ చేతే పేర్లు వాట్సాప్‌లో పెట్టించుకుంటాను, ఎక్కే ఊరు, దిగే ఊరుతో సహా. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్స్ డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతాయి. ఫోను ఛార్జింగ్ మాత్రం చూసుకో.