ఈమెయిల్ దాచే స్క్రిప్ట్ పెడితే ఆ చోటంతా ఖాళీగా వస్తోంది

గుజ్జు_సైట్ (చిత్తూరు):
అన్నా, ఇక్కడ ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వర్డ్‌ప్రెస్ సైట్ చూస్తున్నాను. కాంటాక్ట్ పేజీలో మెయిల్ ఐడీ మామూలుగానే పెట్టి ఉండింది. స్పామ్ ఎంతంటే, తోతాపురి సీజన్లో కొనేవాళ్లు రాసే మెయిళ్లు అందులో కలిసిపోయి కనబడవు. అందుకే పేజీలు చదివి ఐడీలు ఏరుకునే బాట్ ప్రోగ్రాములకు దొరక్కుండా, ఐడీని రెండు ముక్కలు చేసి కలిపే చిన్న స్క్రిప్ట్ పెట్టాను. ఎంఎస్ వర్డ్ ఫైల్లో దాచుకున్న కోడే కాపీ చేశాను. మెయిల్ రావాల్సిన చోట ఖాళీ. బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్లో 'ఇన్‌వ్యాలిడ్ ఆర్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అని ఎర్రగా వస్తోంది. ఇంకోటి, ఆఫీసు వాళ్లకిచ్చిన ఆథర్ లాగిన్‌తో అదే కోడ్ పోస్టులో పెడితే కోడ్ అక్షరాలే పేజీ మీద కనబడుతున్నాయి. రెండూ ఒకటే తప్పా?

కపిలతీర్థం_కోడర్ (తిరుపతి):
రెండూ వేరు తమ్ముడూ. మొదటిది కోట్ గుర్తుల గొడవ. వర్డ్‌లో టైపు చేస్తే నిటారు కోట్లు వంకర కోట్లుగా మారిపోతాయి. జావాస్క్రిప్ట్‌కి అవి కోట్లే కావు, అక్కడే ఆగిపోతుంది. కోడ్‌ని నోట్‌ప్యాడ్‌లో వేసి ప్రతి కోట్‌నీ చెరిపి మళ్లీ చేత్తో కొట్టు. వర్డ్‌ప్రెస్ పాత క్లాసిక్ ఎడిటర్ వాడుతుంటే స్క్రిప్ట్ మధ్యలో ఖాళీ లైన్లు కూడా తీసెయ్. ఆ ఖాళీల్లో వర్డ్‌ప్రెస్ పేరా ట్యాగులు దూరుస్తుంది. అప్పుడు ఎర్రర్లో టోకెన్ పక్కన '<' గుర్తు కనబడుతుంది, తేడా అలా పట్టుకో.

రెండోది అనుమతి సంగతి. ఆథర్‌కి స్క్రిప్ట్ పెట్టే హక్కు ఉండదు. సేవ్ చేసేటప్పుడు వర్డ్‌ప్రెస్ స్క్రిప్ట్ ట్యాగులు మాత్రం తీసేసి లోపలి రాతను వదిలేస్తుంది, నీకు కనబడేది అదే. ఆ హక్కు వాళ్లకు ఇవ్వొద్దు. స్క్రిప్ట్‌ని చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్‌ని ముట్టకుండా మన మార్పులు పెట్టుకునే థీమ్) విడి ఫైలుగా పెట్టి ఫుటర్లో, అంటే పేజీ చివర, లోడ్ చెయ్యి. పోస్టులో మెయిల్ రావాల్సిన చోట ఉత్త స్పాన్ ట్యాగ్ ఒకటి ఉంటే చాలు.

గుజ్జు_సైట్:
కోట్లు మార్చాక ఆ ఎర్రర్ పోయిందన్నా. ఫైలు సంగతి ఇంకా చేయలేదు, స్క్రిప్ట్ పేజీలోనే స్పాన్‌కి పైన ఉంది. ఇప్పుడు 'కెనాట్ సెట్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్' అంటోంది. పేజీ అంతా చదివాకే నడవమని చెప్పే డిఫర్ అన్న మాట స్క్రిప్ట్ ట్యాగ్‌లో రాసినా అంతే.

కపిలతీర్థం_కోడర్:
స్పాన్ ఇంకా పుట్టకముందే స్క్రిప్ట్ దాన్ని వెతుకుతోంది. డిఫర్ అనేది బయటి ఫైలుకే పనిచేస్తుంది, పేజీలోనే రాసిన స్క్రిప్ట్‌కి పట్టదు. ఫుటర్లోకి మారిస్తే ఇదీ తీరిపోతుంది. పేజీలోకి నేరుగా రాసే డాక్యుమెంట్.రైట్ కమాండ్ జోలికి మాత్రం పోవద్దు, పేజీ లోడయ్యాక అది నడిస్తే ఉన్న పేజీ మొత్తం తుడుచుకుపోతుంది.

మూల_కోడ్ (తిరుపతి):
దాచే పద్ధతి గురించి నా మాట. ఐడీలో ముందు భాగం, డొమైన్ విడివిడిగా స్పాన్‌కి డేటా ఆట్రిబ్యూట్లుగా (ట్యాగ్ లోపల రాసే, పేజీ మీద కనబడని విలువలు) పెట్టండి. మధ్యలో @ గుర్తును స్ట్రింగ్.ఫ్రమ్‌చార్‌కోడ్(64) తో పుట్టించండి. లింకును జావాస్క్రిప్ట్ క్రియేట్‌ఎలిమెంట్‌తో చేసి, కనబడే రాతను టెక్స్ట్‌కంటెంట్‌లో వేయండి. జావాస్క్రిప్ట్ ఆపుకున్నవాళ్ల కోసం నోస్క్రిప్ట్ ట్యాగ్‌లో ఫోన్ నంబరు ఉంచండి, మెయిల్ వద్దు. అక్షరాలను సీఎస్‌ఎస్‌తో వెనక్కి తిప్పే చిట్కా అసలు వాడకండి. కాపీ చేస్తే ఐడీ తలకిందులుగా వస్తుంది, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు అర్థమే కాదు. వర్డ్‌ప్రెస్‌లో ఉన్న యాంటీస్పామ్‌బాట్ ఫంక్షన్ అక్షరాలను ఎంటిటీలుగా (హెచ్‌టీఎంఎల్ అంకెల కోడ్‌లుగా) మారుస్తుంది, కాస్త తెలివైన బాట్ వాటిని ఇట్టే విప్పేస్తుంది.

సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ సేవ వాడుతుంటే ఇంకో చిక్కు. అది తనే మెయిల్ ఐడీలను దాచి, తన స్క్రిప్ట్‌తో విప్పుతుంది. ఏ స్క్రిప్టులు నడవొచ్చో బ్రౌజర్‌కి చెప్పే మీ సెక్యూరిటీ పాలసీ హెడర్ ఆ స్క్రిప్ట్‌ని ఆపితే చూసేవాళ్లకు 'ఈమెయిల్ ప్రొటెక్టెడ్' అన్న మాటే మిగులుతుంది. రెండు దాపరికాలు ఒకే పేజీలో వద్దు, ఒకటి ఆపేయండి.

అంతా అయ్యాక ఇన్‌స్పెక్ట్‌లో చూసి తృప్తి పడకండి, అందులో స్క్రిప్ట్ నడిచాక వచ్చిన పేజీ ఉంటుంది. కంట్రోల్, యు నొక్కి సోర్స్ తెరిచి @ కోసం వెతకండి. మామూలు బాట్ చదివేది ఆ సోర్స్‌నే. చాలాసార్లు కాంటాక్ట్ పేజీ శుభ్రంగా ఉంటుంది, ఐడీ మాత్రం ఎస్‌ఈఓ ప్లగిన్ సెర్చ్ ఇంజిన్ల కోసం రాసే స్కీమా వివరాల్లోనో ఫుటర్లోనో బయటపడుతుంది. బ్రోషర్ పీడీఎఫ్ కూడా తెరిచి చూడండి.

గుజ్జు_సైట్:
ఫుటర్లోకి మార్చాక వచ్చిందన్నా! సోర్స్‌లో వెతికితే స్కీమాలో ఒకటి, పీడీఎఫ్‌లో ఒకటి దొరికాయి. అవి కూడా తీసేస్తే స్పామ్ ఆగుతుందా?

మూల_కోడ్:
ఆ ఐడీకి ఆగదండీ. అది ఇప్పటికే జాబితాల్లోకి ఎక్కేసింది, ఇప్పుడు దాచితే కొత్త బాట్లకు దొరకదు, అంతే. హోస్టింగ్ ప్యానెల్లో కొత్త ఐడీ చేసి, సైట్‌లో దాన్నే ఈ స్క్రిప్ట్‌తో పెట్టండి. పాత ఐడీ డ్రమ్ముల లేబుళ్ల మీద, విజిటింగ్ కార్డుల మీద ఉంటుంది కాబట్టి మూసేయకండి. దాన్ని కొత్త పెట్టెకి ఫార్వర్డ్ కూడా చేయొద్దు, చెత్తంతా వెంట వస్తుంది. సీజన్ అయ్యేదాకా రోజూ ఒకసారి విడిగా తెరిచి చూసుకుని, రాసిన కొనుగోలుదారులకు కొత్త ఐడీ నుంచి జవాబివ్వండి.