యుద్ధం గురించి డాక్టర్లు, నర్సులు నోరు విప్పాలా? మా సంఘం తీర్మానం మీద మీ అభిప్రాయం కావాలి

శైలజ_ఐసీయూ

అందరికీ నమస్కారం. నేను ఐసీయూలో స్టాఫ్ నర్స్‌ని. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కలిసి ఉన్న మా సంఘం ముందుకు ఒక తీర్మానం వచ్చింది, ఇప్పుడు నడుస్తున్న ఒక యుద్ధం మీద. ఏ యుద్ధమో ఇక్కడ రాయను. రాస్తే చర్చంతా అటే పోతుంది.

తీర్మానంలో మూడు పేరాలున్నాయి. మొదటిది, ఆసుపత్రుల మీద, అంబులెన్సుల మీద దాడులు ఆపాలి, మందులు, ఆహారం లోపలికి వెళ్ళనివ్వాలి అని. రెండోది ఒక ప్రభుత్వాన్ని పేరు పెట్టి ఖండిస్తుంది. మూడోది వెంటనే కాల్పులు ఆపాలని డిమాండ్ చేస్తుంది. సభ్యుల్లో చాలామంది ఇది మన పని కాదంటున్నారు. ఈలోగా ఒక జూనియర్ డాక్టర్ కూలిపోయిన ఆసుపత్రి ఫొటో తన పేజీలో పెట్టి రెండు ముక్కలు రాసినందుకు, పనిచేసే చోట మెమో ఇచ్చారు. దాంతో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

నాకైతే మాట్లాడాలనే ఉంది. ఎంతవరకు అన్నదే తేలడం లేదు. మీరేమంటారు?

మూర్తి_సర్జన్

వద్దమ్మా. ముప్పై ఏళ్ళుగా కత్తి పట్టినవాడిగా చెబుతున్నా. బల్ల మీద పడుకున్న మనిషి నన్ను నమ్మి మత్తులోకి వెళ్తాడు. నేను తన శత్రువుల పక్షం అని వాడికి అనుమానం వస్తే ఆ నమ్మకం ఇక నిలబడదు. పైగా సరిహద్దులు, చరిత్ర, ఆయుధ ఒప్పందాలు మనం చదువుకున్న సబ్జెక్టులు కావు. గుండె గురించి తెలిసినంత మాత్రాన యుద్ధం గురించి తెలిసినట్టు కాదు.

పెద్ద డాక్టర్లు, సైంటిస్టులు మాట్లాడితే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. 1914 అక్టోబర్‌లో 93 మంది జర్మన్ మేధావులు తమ సైన్యాన్ని వెనకేసుకొస్తూ ప్రకటన ఇచ్చారు. బెల్జియంలో జరిగిన దారుణాలు అబద్ధాలని అందులో రాశారు. కింద సంతకాలు ఎవరివో చూడండి. డిఫ్తీరియా సీరం తెచ్చిన బేరింగ్, సిఫిలిస్‌కి మందు కనిపెట్టిన ఎర్లిక్, ఎక్స్‌రే కనిపెట్టిన రాంట్‌జెన్. లక్షల ప్రాణాలు నిలబెట్టినవాళ్ళ పేరు యుద్ధానికి గొడుగు పట్టింది. తెల్లకోటుకి ఉన్న గౌరవాన్ని ఎవరైనా ఇలాగే వాడుకోగలరు.

రవి_ఫార్మసీ

సర్ చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. ఈ యుద్ధం మీద తీర్మానం పెడితే రేపు ఇంకో యుద్ధం మీద ఎందుకు పెట్టలేదని అడుగుతారు. ఏం చెబుతాం? టీవీలో కనిపించేదే మనకి బాధా? ఎవరూ కెమెరా పట్టుకుని వెళ్ళని చోట చచ్చేవాళ్ళ సంగతేంటి?

అనురాధ_పబ్లిక్‌హెల్త్

మూర్తి గారూ, 1914 సంగతి ఎత్తినందుకు సంతోషం. కానీ సగమే చెప్పారు. అదే నెలలో, అదే బెర్లిన్‌లో, గుండె జబ్బుల మీద పనిచేసే నికొలాయ్ అనే డాక్టరు ఆ ప్రకటనకి జవాబుగా ఇంకోటి రాశారు. యూరప్ వాళ్ళంతా ఈ యుద్ధాన్ని వద్దనాలని అందులో పిలుపు. ఆయన కాక సంతకం పెట్టింది ముగ్గురే, వాళ్ళలో ఒకరు ఐన్‌స్టీన్. తర్వాత నికొలాయ్‌ని ప్రభుత్వం పదవి నుంచి దించి వేధించింది. రెండు వైపులా డాక్టర్లే, రెండు వైపులా మాట్లాడారు. కాబట్టి డాక్టర్ మాట్లాడాలా వద్దా అనే దగ్గర ఆగిపోతే లాభం లేదు. దేన్ని ఆధారం చేసుకుని మాట్లాడుతున్నాడో చూడాలి. బేరింగ్, ఎర్లిక్ బెల్జియంలో గాయాలు చూసి ఆ సంతకం పెట్టలేదు. తమ దేశం మీద ఉన్న నమ్మకంతో పెట్టారు.

మనకి తెలిసిన విషయం ఒకటుంది. యుద్ధం శరీరాన్ని ఏం చేస్తుందో మనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మందుపాతర సంగతే చూడండి. దాని మీద కాలు వేసినవాళ్ళ గాయం పైకి కనిపించేదానికంటే లోపల చాలా పెద్దది. పేలుడు కింది నుంచి పైకి తంతుంది. మట్టి, గడ్డి, చెప్పు ముక్కలు, పాదం ఎముకల ముక్కలు కండరాల మధ్య పొరల్లోకి ఎక్కిపోతాయి. పాదమే పోయిందనుకుంటాం, మురికి మోకాలి దాకా పాకి ఉంటుంది. సర్జన్ చచ్చిన కండ అంతా కోసి తీసేసి, కుట్లు వేయకుండా గాయాన్ని తెరిచే ఉంచుతాడు. నాలుగైదు రోజుల తర్వాత మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి చూసి, శుభ్రంగా ఉంటేనే మూస్తాడు. చిన్నపిల్లలైతే అది అక్కడితో తీరదు. కోసిన చోట ఎముక పెరుగుతూనే ఉంటుంది, పైనున్న చర్మం, కండ దానికి తగ్గట్టు పెరగవు. ఎముక చర్మాన్ని పొడుచుకుని వస్తుంది, మళ్ళీ ఆపరేషన్. బిడ్డ ఎదిగేకొద్దీ కృత్రిమ కాలు మార్చుకుంటూనే ఉండాలి.

అఫ్గాన్ శరణార్థుల కోసం పెషావర్, క్వెట్టాలలో, కంబోడియా సరిహద్దు దగ్గర, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ఆసుపత్రులు నడిపింది. అక్కడి సర్జన్లు ఇవే గాయాలు ఏళ్ళ తరబడి చూశారు, రాసి పెట్టారు. ఏ పక్షం గురించీ పైకి మాట్లాడకపోవడం ఆ సంస్థకి ప్రాణంతో సమానం. అలాంటి సంస్థే 1994లో మందుపాతరల్ని పూర్తిగా నిషేధించాలని బహిరంగంగా అడిగింది. ఎవరు పాతిపెట్టారని వేలెత్తి చూపలేదు. ఆ ఆయుధం మనిషిని ఏం చేస్తుందో చెప్పింది. 1997లో మందుపాతరల్ని నిషేధించే ఒట్టావా ఒప్పందం వచ్చింది. అది ఒక్క సర్జన్ల వల్లే వచ్చిందనను, ఎందరో పోరాడారు. కానీ కేస్ షీట్లు బయటికి రాకపోతే ఆ వాదనకి బలం ఉండేది కాదు.

రవి గారూ, మీ ప్రశ్నకి కూడా ఇందులోనే జవాబుంది. మందుపాతర ఏ దేశంలో పేలినా గాయం ఒకటే. ఒక కొలబద్ద పెట్టుకుని, అన్ని యుద్ధాలకీ అదే వాడితే ఎవరు అడిగినా తలెత్తుకుని జవాబు చెప్పొచ్చు. అన్నిటి గురించీ మాట్లాడలేకపోతున్నాం కాబట్టి దేని గురించీ మాట్లాడకూడదంటే మాత్రం ఒప్పుకోను.

మూర్తి_సర్జన్

అనురాధ గారూ, మందుపాతర విషయంలో మీతో వాదించను. అది ఆయుధం గురించిన మాట. శైలజ గారి రెండో పేరా అలాంటిది కాదు కదా, ఒక ప్రభుత్వాన్ని పేరు పెట్టి తిడుతోంది.

ఇంకో సంగతి. 1985లో ఇథియోపియాలో కరువు సాయాన్ని ఎరగా చూపి జనాన్ని బలవంతంగా తరలిస్తున్నారని డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ అనే వైద్య సహాయ సంస్థ బయటపెట్టింది. వాళ్ళని దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఆ మర్నాటి నుంచి వాళ్ళ దగ్గర వైద్యం చేయించుకుంటున్న పిల్లలకి ఎవరు దిక్కు? ఒక్క పత్రికా ప్రకటన ఖరీదు ఒక వార్డు కావచ్చు.

అనురాధ_పబ్లిక్‌హెల్త్

ఆ బాధ నిజమే, కొట్టిపారేయను. అయితే మౌనానికి కూడా ఖరీదుంది సర్. 1942 అక్టోబర్‌లో జెనీవాలో ఇదే రెడ్‌క్రాస్ కమిటీ కూర్చుంది. యుద్ధంలో పౌరుల మీద సాగుతున్న అకృత్యాల గురించి ఒక విజ్ఞప్తి రాసి సిద్ధంగా పెట్టుకున్నారు. చర్చించి, విడుదల చేయకూడదని నిర్ణయించారు. మాట్లాడితే యుద్ధఖైదీల శిబిరాల్లోకి రానివ్వరేమోనన్నది వాళ్ళ భయాల్లో ఒకటి. మీరు చెప్పే కారణం లాంటిదే. యూదుల్ని రైళ్ళలో తరలించి చంపుతున్న సంవత్సరం అది. తర్వాత ఆ సంస్థే దాన్ని తన వైఫల్యంగా ఒప్పుకుంది. ఆ ప్రకటన వచ్చి ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో ఎవరూ చెప్పలేరు. కానీ మన ఎదురుగా ఉన్న రోగి కోసం మౌనంగా ఉన్నామని చెప్పుకునేటప్పుడు, మన ఎదురుగా లేని రోగి కూడా ఉన్నాడని గుర్తుపెట్టుకోవాలి.

మత్తుడాక్టర్_ఫీల్డ్

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. యుద్ధప్రాంతంలో పనిచేసినవాడిని, అందుకే రాస్తున్నా.

మాట్లాడాలనే నేనూ అంటాను. 2015 అక్టోబర్ 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేసింది. 42 మంది చనిపోయారు. రోగులు, వాళ్ళ వెంట ఉన్నవాళ్ళు, సిబ్బంది. ఆసుపత్రి ఎక్కడుందో ముందే అన్ని పక్షాలకీ చెప్పి ఉంచారు. ఆ సంస్థ నోరు మూసుకుని ఉంటే, యుద్ధంలో ఇవన్నీ మామూలే అనిపించుకుని పోయేది. వాళ్ళు గట్టిగా అడిగారు, స్వతంత్ర విచారణ కోరారు. 2016 మే 3న భద్రతా మండలి 2286వ తీర్మానం ఆమోదించింది, వైద్య సిబ్బంది మీద, ఆసుపత్రుల మీద దాడుల్ని ఖండిస్తూ. ఆ రోజు మండలి ముందు ఈ సంస్థ అధ్యక్షురాలూ, రెడ్‌క్రాస్ కమిటీ అధ్యక్షుడూ ఇద్దరూ మాట్లాడారు. దాడులు ఆగాయా అంటే, ఆగలేదు. కానీ నేరం ఏదో రాతపూర్వకంగా ఉంది. రేపు ఎవరినైనా నిలదీయాలంటే చేతిలో ఆ కాగితం ఉండాలి.

ఇక అసలు నేను చెప్పదలచుకున్నది. దూరంగా కూర్చుని మనం రాసే ప్రతి వాక్యం అక్కడ ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. బయటి నుంచి వెళ్ళినవాళ్ళని విమానం ఎక్కించి పంపిస్తారు. స్థానిక నర్సు, డ్రైవరు, వార్డ్ బాయ్ ఎక్కడికి పోతారు? వాళ్ళ ఇల్లు అక్కడే, పిల్లలు అక్కడే. ‘ఫలానా ఆసుపత్రి నుంచి మాకు తెలిసింది’ అని మనం రాస్తే ఆ రాత్రి తలుపు తట్టేది వాళ్ళ ఇంటికే. వాళ్ళు మాట్లాడమంటే మాట్లాడాలి, వద్దంటే వాళ్ళ పేరు, చోటు, తేదీ బయటికి రానివ్వకూడదు. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, ప్రాణాల విషయం.

రవి_ఫార్మసీ

కాల్పులు ఆపాలన్న మూడో పేరా గురించి ఎవరూ తేల్చలేదు. అది రాజకీయమా, వైద్యమా?

అనురాధ_పబ్లిక్‌హెల్త్

రెండూను. ధనుర్వాతం వచ్చాక తంటాలు పడటం కంటే ముందే టీకా వేయడం మన పని అనుకుంటాం కదా. నివారించగలిగిన చావుల్ని నివారించమని అడగడం వైద్యం పరిధి దాటినట్టు నాకు అనిపించదు.

1980లో అమెరికా కార్డియాలజిస్టు బెర్నార్డ్ లోన్, సోవియట్ కార్డియాలజిస్టు యెవ్‌గెనీ చాజోవ్ కలిసి అణుయుద్ధానికి వ్యతిరేకంగా డాక్టర్ల సంస్థ పెట్టారు. వాళ్ళ వాదనలో కీలకం ఒక్కటే, అణుబాంబు పడ్డాక వైద్యం అనేది మిగలదని. కాలిన గాయాలకి కావలసిన పడకలు, రక్తం, డాక్టర్లు ఆ నగరంతోపాటే పోతాయి. ఇది వార్డు లెక్క, ఏ మంత్రీ మనకి నేర్పాల్సిన పని లేదు. 1985లో ఆ సంస్థకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అప్పుడే చాజోవ్ మీద గొడవ కూడా లేచింది. 1973లో, సోవియట్ ప్రభుత్వాన్ని విమర్శించిన శాస్త్రవేత్త సఖరోవ్‌ని ఖండిస్తూ రాసిన లేఖ మీద ఆయన సంతకం ఉంది. అణ్వాయుధాల మీద గొంతెత్తిన మనిషే సొంత ప్రభుత్వం ఒకణ్ణి వేటాడితే వంత పాడారు. మూర్తి గారు భయపడేది ఇదే అనుకుంటాను. నేనూ భయపడతాను. మన పక్షం చేసినదాన్ని ఒప్పుకోలేని తీర్మానానికి విలువ లేదు.

మూర్తి_సర్జన్

ఈ చివరి మాట తీర్మానంలోకి రావాలి. వస్తే మొదటి పేరాకి నేను ఓటేస్తా. మూడోదానికి ఇంకా వేయను. కాల్పులు ఎప్పుడు ఆగాలో, ఏ షరతుల మీద ఆగాలో తేల్చడం నా చదువు నాకు నేర్పలేదు. ఆ జూనియర్‌కి మెమో ఇవ్వడం మాత్రం తప్పే. డ్యూటీలో రోగి పక్కన నిలబడి అనలేదు, రోగి ఫొటో పెట్టలేదు, సంస్థ పేరు వాడలేదు. ఇంక మెమో దేనికి?

శైలజ_ఐసీయూ

అందరికీ థాంక్స్ అండీ. రాత్రి కూర్చుని తీర్మానం తిరగరాశాను. మొదటి పేరా అలాగే ఉంచి, చివర ‘దాడి చేసింది ఏ పక్షమైనా, మా దేశమైనా సరే, ఇదే మాట అంటాం’ అని చేర్చాను. రెండో పేరాలో ఖండన తీసేశాను. దాని బదులు దెబ్బతిన్న ఆసుపత్రుల గురించి నిర్ధారణ అయిన సమాచారం మాత్రమే ఉంటుంది, దాడి ఎవరు చేశారో తేలినచోట ఆ పేరుతో సహా. మూడోది విడిగా ఓటింగ్‌కి పెడుతున్నాం. నేను అవుననే వేస్తాను. జూనియర్ డాక్టర్ మెమో వెనక్కి తీసుకోవాలని సంఘం తరఫున వేరే లేఖ వెళ్తుంది, దాని మీద మూర్తి గారి సంతకం కూడా కావాలి.

ఫీల్డ్ డాక్టర్ గారూ, రెండో పేరాలో ఊరు, తేదీ ఉంచాను, సిబ్బంది పేర్లు లేవు. సరిపోతుందా?

మత్తుడాక్టర్_ఫీల్డ్

వార్తల్లో ముందే వచ్చిన ఊరైతే ఉంచండి. అక్కడి సిబ్బంది మీకు ఫోన్‌లో చెప్పినదైతే ఊరు, తేదీ కూడా తీసేయండి. చిన్న ఆసుపత్రిలో ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో కనుక్కోవడానికి తేదీ ఒక్కటి చాలు.

మూర్తి_సర్జన్

లేఖ పంపండమ్మా, సంతకం పెడతాను.