రెండు వందల గజాల ఇంటి ముందు క్రిస్మస్ చెట్టు పెట్టొచ్చా?

హనుమకొండ కొత్తిల్లు:
ఉత్తరం ఫేసింగ్ ఇల్లు. గేటు పక్కన నాలుగడుగుల మట్టి వదిలాం. నర్సరీలో క్రిస్మస్ చెట్టని అరకేరియా చూపించి, ఇరవై అడుగుల దాకా పోతుందన్నారు. ఇంట్లో అందరికీ నచ్చింది, పక్కింటాయన మాత్రం వద్దంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట మిద్దెతోట:
పెట్టేయండి అన్నా. జామ, మామిడి పెడితే కాయ మనకు దక్కదు, కోతులు కొమ్మలు కూడా విరిచేస్తాయి. దీనికి వాటిని పిలిచే పండే లేదు. వేపలా అడ్డంగా పరుచుకోదు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది.

ములుగు రోడ్డు మొక్కలు:
కోతుల మాట నిజమే. కానీ ఇరవై అడుగుల దగ్గర ఆగే చెట్టు కాదండీ ఇది. క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియాలో రెండు జాతులున్నాయి. ఒకటి ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్ఫోక్ దీవిది. రెండోది న్యూ కాలెడోనియాది, దాన్ని కుక్ పైన్ అంటారు. సొంత నేల మీద రెండూ యాభై మీటర్లు దాటతాయి. మన ఎండకు అంత పోకపోయినా కరెంటు తీగలను దాటడం ఖాయం.

చిన్నప్పుడు రెండింటినీ గుర్తుపట్టడం కష్టం. నార్ఫోక్ అని చెప్పి కుక్ పైన్ అమ్మడం చాలా చోట్ల జరుగుతుంది. పెరిగాక నార్ఫోక్ కొమ్మలు అంతస్తులుగా వెడల్పుగా విచ్చుకుంటాయి. కుక్ పైన్ సన్నగా స్తంభంలా పోతుంది, పైగా వంగుతుంది. ఐదు ఖండాల్లో 256 కుక్ పైన్ చెట్లను కొలిచి 2017లో ఒక పరిశోధన అచ్చయింది. సగటు వంపు 8.55 డిగ్రీలు, అదీ భూమధ్యరేఖ వైపే. మనం ఉత్తరార్ధగోళంలో ఉన్నాం, అంటే దక్షిణానికి. మీ గేటు ఉత్తరాన ఉంది కాబట్టి అది వంగేది మీ ఇంటి మీదికే.

తల నరికి ఆపుదామంటే అందమే పోతుంది. పక్క కొమ్మ అంటు కట్టినా అది నిటారుగా లేవదు, అడ్డంగానే పాకుతుంది. అందుకే మొక్కను విత్తనం నుంచే పెంచుతారు.

హనుమకొండ కొత్తిల్లు:
వంపు సంగతి నర్సరీలో ఎవరూ చెప్పలేదు సార్. కుండీలో పెడితే?

ములుగు రోడ్డు మొక్కలు:
కుండీలో హాయిగా పెట్టుకోండి. వేరుకు చోటు తక్కువ కాబట్టి ఏళ్ల తరబడి చిన్నగానే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం నీడలోకి జరపాలి.

నర్సంపేట వేప:
అసలు మన నేలకు ఈ జాతి ఎందుకు? క్రిస్మస్ చెట్టు, పైన్ వర్గపు చెట్లలో (కోనిఫర్లు) ద్వీపకల్ప భారతంలో సహజంగా పెరిగేది ఒక్కటే, నేజియా. అది కూడా పశ్చిమ కనుమల తడి అడవుల్లో. హరితహారంలో కోనోకార్పస్ అనే బయటి జాతి పెట్టి తర్వాత ఆపేయాల్సి వచ్చింది కదా! కానుగ, పొగడ పెట్టండి, పిట్టలన్నా వస్తాయి.

కాజీపేట మిద్దెతోట:
అక్కా, కోనోకార్పస్‌తో దీన్ని కలపకండి. అది రోడ్ల పొడవునా వేలకు వేలు నాటింది. ఇది ఇంటికొకటి.

ములుగు రోడ్డు మొక్కలు:
ఇక్కడ నేను అక్క వైపే. ఇంటికొకటి చొప్పున కాలనీ అంతా పెడితే అదీ వరసే అవుతుంది. కాలనీ పార్కులో ఒకటి చాలు. తీగలకు, గోడలకు దూరంగా, దక్షిణం వైపు ఖాళీ వదిలి పెట్టండి. మీ నాలుగడుగుల్లో పారిజాతం సరిపోతుంది.