"ప్రతిపాదన సైతం చేయరాదు": ఆ 'సైతం' ఎక్కడిది?

అరసున్న: తుర్కీ రాజ్యాంగం మీద ఎప్పుడో చదివిన వాక్యం ఒకటి నోట్లో నానుతోంది. "మార్చరాదు, మార్చుదామని ప్రతిపాదన సైతం చేయరాదు." 'సైతం'ఆ, 'అయినా'ఆ? మూలంలో ఏముంది?

ద్రుతం: 1982 రాజ్యాంగం నాలుగో అధికరణంలో ఆ మాట లేదండీ. 'డెయిష్‌తిరిలెమెజ్ వె డెయిష్‌తిరిల్మెసి టెక్లిఫ్ ఎడిలెమెజ్' (మార్చరాదు, మార్చాలని ప్రతిపాదించరాదు), అంతే. మీ సైతం 1924 నాటి 102వ అధికరణంలో ఉంది: 'టెక్లిఫ్ దాహీ ఎడిలెమెజ్'. ఆ 'దాహీ'యే సైతం. మీరు చదివింది పాత రాజ్యాంగం గురించి.

బండిర: అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? నాలుగో అధికరణాన్ని కూడా అక్కడి జనం 'దాహీ' చేర్చే చెప్పుకుంటారు. అనువాదకుడు ఆ వాడుకే విని ఉండొచ్చు. పైగా మనకి 'సైతం' అంటే మహాకవి చప్పుడు వినిపిస్తుంది, చట్టానికి అంత ఊపు అనవసరం. 'ప్రతిపాదించనూ రాదు' చాలు. ఆ ఒక్క 'ఊ' పని చేస్తుంది.

ద్రుతం: ఊపు సంగతి సరే, పరిధి చూడండి. 1924లో ఆ నిషేధం మొదటి అధికరణానికే, అంటే గణతంత్రానికే. మిగతావి మూడోవంతు సభ్యులు ప్రతిపాదించి, మూడింట రెండొంతులు ఓటేస్తే మారేవి. అందుకే 1937లో 'ఆరు బాణాలు', అంటే అతాతుర్క్ పార్టీ ఆరు మూలసూత్రాలు, రెండో అధికరణంలోకి రాగలిగాయి. 1982లో తాళం మొదటి మూడింటికీ పడింది.

పాతపుస్తకం: బాణాల మాట వచ్చింది కాబట్టి. ఆరోది, విప్లవవాదమన్నది, 1937లో 'ఇన్కిలాప్‌చి'. 1945లో 4695 నంబరు చట్టంతో రాజ్యాంగం మొత్తాన్నీ అచ్చ తుర్కీలోకి దింపినప్పుడు అది 'డెవ్రిమ్‌జి' అయింది, అర్థం మారలేదన్న హామీతో. 1952లో అప్పటి పాలక డెమోక్రాట్ పార్టీ వాళ్ళు 5997 నంబరు చట్టంతో పాత పాఠాన్నే మళ్ళీ తెచ్చారు. సంస్కరణ చట్టాల రక్షణకి 1961 రాజ్యాంగంలో 'డెవ్రిమ్ చట్టాలు' అని పేరు, 1982లో మళ్ళీ 'ఇన్కిలాప్ చట్టాలు'. గిడుగువారు చూసి ఉంటే నవ్వుకునేవారు. మన గొడవ పాఠ్యపుస్తకాల దగ్గర ఆగింది, వాళ్ళది రాజ్యాంగం దాకా పోయింది.

బండిర: ఇన్కిలాప్ అంటే మన ఊరేగింపుల 'ఇంక్విలాబ్'. దాన్ని 'సంస్కరణ' అని తెనిగించేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

అరసున్న: నా సైతం సంగతి?

ద్రుతం: వస్తున్నా. అసలు బరువు 'దాహీ'లో లేదు, ప్రతిపాదన అనే 'టెక్లిఫ్'లో ఉంది. సవరణల్ని రాజ్యాంగ న్యాయస్థానం రూపం వరకే చూడాలని 148వ అధికరణం చెబుతుంది: ప్రతిపాదన సంఖ్య, ఓట్ల సంఖ్య, అత్యవసరంగా చర్చించకూడదన్న నియమం. 2008లో విశ్వవిద్యాలయాల్లో తలగుడ్డ నిషేధం ఎత్తెయ్యడానికి తెచ్చిన 10, 42 అధికరణాల సవరణకి 550 మంది సభలో 411 ఓట్లు పడ్డాయి. లెక్క ప్రకారం లోపమే లేదు. అయినా కోర్టు 9–2తో కొట్టేసింది. లౌకికత్వాన్ని, అంటే రెండో అధికరణాన్ని, తాకేది అసలు ప్రతిపాదనగానే చెల్లదు, కాబట్టి ఇది రూపదోషమే అంది. 'మార్చరాదు' ఒక్కటే రాసుంటే ఆ దారి అంత సులువుగా దొరికేది కాదు. మన రాజ్యాంగంలో సవరణల గురించి చెప్పే 368లో అలాంటి మాటే లేదు, 1973లో కేశవానంద భారతి తీర్పు 7–6తో సవరణ కూడా చెరపలేని 'మౌలిక స్వరూపం' అన్న మాటని తెచ్చింది.

బండిర: ఆ టెక్లిఫే హైదరాబాదు 'తక్లీఫ్'. అరబ్బీలో ఒకరి మీద భారం మోపడం. తుర్కీలో ప్రతిపాదన, మనకి ఇబ్బంది.

పాతపుస్తకం: నాలుగో అధికరణం కాపాడేవాటిలో నాలుగోది లేదు, చూశారా? ముందు దాన్ని తీసేసి తర్వాత రెండోదాన్ని దిద్దొచ్చు కదా అనే వాదం అందుకే. ఇప్పుడు 600 మంది సభలో ప్రతిపాదనకి 200 సంతకాలు కావాలి.

ద్రుతం: 2008 తర్కంతో చూస్తే ఆ 200 సంతకాల కాగితం కూడా ప్రతిపాదన కాదు.

బండిర: 'కాగితం సైతం' అనరేం?

అరసున్న: 'సైతం' అసలు 'సహితం' అరిగి వచ్చిందేనా?