రక్షణ ఒకసారి పొందినవారు దానిని మళ్లీ పోగొట్టుకోగలరా?

నిరీక్షణ (ప్రశ్న):

అందరికీ వందనాలు. మా యౌవనస్థుల బైబిలు తరగతిలో తేలకుండా మిగిలిన ప్రశ్న ఇది. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం రక్షణను దేవుని వరమనీ, క్రియల వలన కలిగినది కాదనీ చెబుతోంది. హెబ్రీ పత్రిక 6వ అధ్యాయమేమో, ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచిచూసి తప్పిపోయినవారిని మారుమనస్సుకు తిరిగి తీసుకురావడం అసాధ్యమంటోంది. ఉచితంగా ఇచ్చినదాన్ని దేవుడు వెనక్కు తీసుకుంటాడా? బాప్తిస్మం పొంది, కొన్నాళ్లు ప్రభురాత్రి భోజనపు బల్లలో పాలుపంచుకుని, ఇప్పుడు మందిరం వైపే రానివారి సంగతి ఏమిటి?

బెరయ పాఠకుడు:

తీసుకోడన్నది నా దృఢమైన నమ్మకం. రోమా 4వ అధ్యాయంలో పౌలు వాదన చూడండి. పనిచేసేవాడికి వచ్చేది జీతం, అది అతనికి రావలసిన బాకీ. పనిచేయక, భక్తిహీనుణ్ణి నీతిమంతుడిగా తీర్చే దేవునియందు విశ్వాసముంచినవాడికి ఆ విశ్వాసమే నీతిగా ఎంచబడుతుంది. రక్షణ పొందేటప్పుడు మన యోగ్యతను లెక్కలోకి తీసుకోని దేవుడు, దాన్ని నిలుపుకోవడానికి మాత్రం అదే యోగ్యతను షరతుగా పెడతాడంటే, వీధి గుమ్మంలో వద్దన్న జీతపు లెక్కను దొడ్డిదారిన ఇంట్లోకి తెచ్చినట్లే అవుతుంది. ఆత్మతో ఆరంభించి శరీరంతో ముగిస్తారా అని గలతీయులను పౌలు నిలదీసింది దీని గురించే.

యోహాను 10లో ప్రభువు తన గొర్రెలు ఎన్నటికీ నశింపవని, తన చేతిలోనుండి ఎవడూ వాటిని అపహరింపడని చెప్పి, ఆ వెంటనే తండ్రి చేతిని కూడా ప్రస్తావించాడు. ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకిన పేతురు మళ్లీ లేవగలిగాడంటే, అతని నమ్మిక తప్పిపోకుండా ఉండాలని ప్రభువు ముందే వేడుకొన్నాడు గనుక. 1618–1619లో నెదర్లాండ్స్‌లోని డార్ట్‌లో కూడిన సంస్కరణ (రిఫార్మ్డ్) ప్రొటెస్టంటు సంఘాల సభ కూడా దావీదు, పేతురుల పతనాలను పేరుపెట్టి చెప్పి, దేవుని పిల్లలు ఘోరంగా పడిపోవచ్చునని, అయినా ఆయన తన ఆత్మను వారి నుండి పూర్తిగా తీసివేయడని ఒప్పుకుంది. విశ్వాసి పడనే పడడని ఆ సభ అనలేదు. మన ప్రసంగాలలో ఈ సగం తరచుగా వినబడదు.

హెబ్రీ 6 విషయానికి వస్తే, 9వ వచనంలో ఆ రచయితే తన పాఠకులు ఇంతకంటే మంచిదీ రక్షణకరమైనదీ అయిన స్థితిలో ఉన్నారని నమ్ముతున్నానంటున్నాడు. కాబట్టి అంతకుముందు వర్ణించిన రుచిచూడడం, రక్షణ ఒకటి కావు. విడిచి వెళ్లినవారు మొదటినుండీ మనవారు కారని 1 యోహాను 2:19 చెప్పనే చెప్పింది.

మెదకు సభ్యురాలు:

అన్నగారూ, ఆ ఒక్క వచనంతో ప్రతి పతనాన్నీ "అతడు మొదటినుండీ విశ్వాసి కాదు" అని తేల్చివేస్తే, తాను రక్షణ పొందానన్న నిశ్చయత ఎవరికి మిగులుతుంది? నేడు నమ్ముతున్న నేను రేపు విడిచిపెడితే, నేడు నాకున్నది నకిలీయేనా? తాను ద్రాక్షావల్లినని, తనవారు తీగెలని చెప్పిన యోహాను 15లో, ఫలింపక తీసి పారవేయబడిన తీగె "నాలో" ఉన్నదేనని ప్రభువే చెప్పాడు.

నేను వెస్లియన్ మిషను నాటిన సంఘంలో పెరిగినదాన్ని. విశ్వాసము ద్వారానే రక్షణ అని బోధించిన మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ, ఆ విశ్వాసాన్ని మనిషి విడనాడగలడని కూడా బోధించాడు. ఇచ్చినవాడు వెనక్కు తీసుకోడన్నదానితో నేనూ ఏకీభవిస్తాను. పుచ్చుకున్నవాడు పారవేసుకోగలడన్నదే నా మాట. లేకపోతే జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్న ఏశావును హెబ్రీ 12 విశ్వాసుల ముందు ఎందుకు నిలబెడుతుంది?

బెరయ పాఠకుడు:

సహోదరీ, నకిలీ అన్న మీ ప్రశ్న బలమైనది. నిశ్చయతను సువార్త సభలో నమ్ముతున్నానని చేయెత్తిన ఒక్క క్షణం మీద నిలబెడితే మీరన్నదే జరుగుతుంది. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనులు ఇప్పించి ఆకలిగొన్నవారిని ఆదుకున్న ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, జనం తిండి కోసం చేరతారన్న జాగ్రత్తతో ఆ సహాయం ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ తరువాతనే, 1878 జూలై 3న, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈనాడు కొన్ని సభలలో చేయెత్తినవారికి ఆ రాత్రే "ఇక నీ రక్షణకు ఢోకా లేదు" అని చెప్పి పంపడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. యోహాను 10లోని వాగ్దానం ఆయన స్వరం విని వెంబడించే గొర్రెలకు ఇచ్చినది.

ఏశావు హెచ్చరికను నేను తగ్గించను. అపొస్తలుల కార్యములు 27లో, తుఫానులో చిక్కిన ఓడలో ఉన్నవారందరి ప్రాణాలనూ దేవుడు తనకు అనుగ్రహించాడని పౌలుకు ముందే తెలుసు. అయినా నావికులు పడవ దించుకుని పారిపోబోయినప్పుడు, వీరు ఓడలో ఉంటేనే తప్ప మీరు తప్పించుకోలేరని శతాధిపతితో అన్నాడు. ఆ మాట వల్లనే సైనికులు పడవ తాళ్లు కోశారు, వాగ్దానమూ నెరవేరింది. హెబ్రీ పత్రిక హెచ్చరికలతో దేవుడు తనవారిని కాపాడుకునేది ఇలాగేనని నా అభిప్రాయం.

నిరీక్షణ గారూ, మందిరానికి రానివారు రక్షణ పొందినవారా కాదా అని తేల్చే పని మీ తరగతికి ఎవరూ అప్పగించలేదు. సత్యమునుండి తొలగినవాణ్ణి మళ్లించే పనిని మాత్రం యాకోబు 5వ అధ్యాయం అప్పగించింది. వారి ఇళ్లకు వెళ్లండి.

మెదకు సభ్యురాలు:

ఓడ వృత్తాంతాన్ని అంగీకరిస్తాను, ఇళ్లకు వెళ్లమన్న మాటను అంతకంటే ఎక్కువగా. అయితే "నాలో" ఉన్న ఆ తీగె ఎవరన్నదానికి మీరింకా సమాధానం చెప్పలేదు, అన్నగారూ.